డాక్టరు దగ్గర దాచకండి
"ఏమైంది పెద్దాయనా?" అని డాక్టరు అడుగుతారు. "ఒంట్లో బాగాలేదయ్యా" అంటాడు పెద్దాయన. ఎన్నాళ్లనుంచి, ఏం మందులు వాడావంటే కొడుకు ముఖం చూస్తాడు. కొడుకు గోడ వంక చూస్తాడు. సర్కారు ఆసుపత్రుల్లో తరచూ కనిపించే దృశ్యమిది.

మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్లలు నెలల తరబడి మింగి, తిడతారేమోనని ఆ మాట దాచేవారెందరో! నొప్పి బిళ్లలు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బి.పి., షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

కాబట్టి బాధ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఎక్కువవుతుందో ముందే చీటీ మీద రాసుకోవాలి. పాత చీటీలు, వాడే మందుల అట్టలు వెంట తీసుకెళ్లాలి. పసరు మందు తాగినా, ఏ మందైనా పడకపోయినా చెప్పాలి. ఏ బిళ్ల ఎప్పుడు, తిండికి ముందా, తరువాతా, ఎన్నాళ్లు అని అడగాలి. విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలో తెలుసుకోవాలి.

జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించగా 2018లో వెలువడిన రోగుల హక్కుల ముసాయిదాలో సమాచారం పొందే హక్కు మొదటిది. అడిగితే డాక్టరు ఒకసారి విసుక్కోవచ్చు. అడగకపోతే కష్టపడేది ఇంటిల్లిపాదీ.