చిక్కపేట సందుల్లో పాత స్పీకర్లు, రాక్ రికార్డులు: అమ్మేముందు, కొనేముందు తెలుసుకోవలసినవి

సరిహద్దు గ్రామాల వారికి చిక్కపేట అనగానే పట్టుచీరలే గుర్తుకొస్తాయి. హిందూపురం, మడకశిర, లేపాక్షి, కుప్పం ప్రాంతాల కుటుంబాలు పెళ్ళి కుదిరిందంటే బెంగళూరు బండి ఎక్కడం పాత ఆనవాయితీ. అయితే అదే పేటలో, చీరల అంగళ్ళ వెనుక సందుల్లో, మరొక వర్తకం కూడా నిశ్శబ్దంగా సాగుతోంది. పాత గ్రామఫోన్లు, చెక్కపెట్టెల స్పీకర్లు, ఇంగ్లీషు రాక్ సంగీతపు రికార్డులు అక్కడ చేతులు మారుతుంటాయి. ఈ వస్తువులు ఏ కర్మాగారం నుంచో కొత్తగా రావు. ఎవరో ఒకరి ఇంటి అటక మీద నుంచి దిగి వచ్చినవే. ఆ అటకలు చాలా వరకు మన గ్రామాల్లోనూ ఉన్నాయి.

ఒకప్పుడు ఊరి మైకుసెట్టు వారు వాడి పక్కన పెట్టిన ప్లేట్లు, గల్ఫ్ నుంచి వచ్చిన స్టీరియో సెట్లు, తాత ముచ్చటపడి కొన్న రికార్డు ప్లేయరు వంటివి ఇంటికి సున్నం వేసేటప్పుడు బయటపడతాయి. అప్పుడు గుజిరీ వర్తకుడు వచ్చి స్పీకరును అయస్కాంతం బరువుకు, ఆంప్లిఫయరును రాగితీగ బరువుకు లెక్కగట్టి తీసుకుపోతాడు. చిన్న మరమ్మతు తర్వాత అదే వస్తువు నగరంలో వేల రూపాయలు పలకవచ్చు. ధర సంగతి అటుంచితే, తండ్రి విన్న పాటను అదే పెట్టెలో మళ్ళీ వినే అవకాశం ఆ కుటుంబానికి శాశ్వతంగా పోతుంది.

పేట నేపథ్యం

మొదటి కెంపేగౌడ 1537లో బెంగళూరు పేటను నిర్మించినప్పుడు ఉత్తర దక్షిణాలుగా దొడ్డపేట, తూర్పు పడమరలుగా చిక్కపేట ప్రధాన వీధులయ్యాయి. నేటి అవెన్యూ రోడ్డే నాటి దొడ్డపేట. ఒక్కో పేట ఒక్కో వృత్తికి ప్రసిద్ధి. చిక్కపేటను ఆనుకొని ఉన్న బళేపేటలో వీణ, మృదంగం, హార్మోనియం వంటి వాద్యాల అంగళ్ళు ఈనాటికీ ఉన్నాయి. పాత రికార్డులకూ అక్కడి సందుల్లోనే విచారించాలి. కొద్ది దూరంలోని ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్ సామాగ్రికి పెట్టింది పేరు. కెపాసిటర్లు, తీగలు, స్పీకరు విడిభాగాలు అక్కడ దొరుకుతాయి. మెజెస్టిక్ నుంచి గ్రీన్ లైను మెట్రోలో తర్వాతి స్టేషనే చిక్కపేట. ఈ స్టేషను 2017లో ప్రారంభమైంది. పేటలోని చాలా దుకాణాలకు ఆదివారం సెలవు కనుక పనిదినాల్లో వెళ్ళడం మేలు.

రాక్ సంగీతానికి బెంగళూరులో ఆదరణ ఎక్కువ. రోజర్ వాటర్స్ 2002లో, రోలింగ్ స్టోన్స్ బృందం 2003లో, ఐరన్ మెయిడెన్ 2007లో ఆ నగరంలో కచేరీలు చేశారు. ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు ప్రధానంగా సాగే ఈ సంగీతం కొందరు పెద్దలకు రొదగా తోచవచ్చు. నిజానికి దానికీ మన సంగీతానికీ చుట్టరికం ఉంది. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1965లో వెలువడిన రికార్డులోనే సితార వాయించాడు. తర్వాత రవిశంకర్ వద్ద శిక్షణ పొందాడు. 1971లో ఆ ఇద్దరూ కలిసి న్యూయార్కులో బంగ్లాదేశ్ సహాయార్థం కచేరీ ఏర్పాటు చేశారు.

లక్క ప్లేటులో బీటిల్స్

మన దేశంలో రికార్డులకు పుట్టినిల్లు కలకత్తా. గ్రామఫోన్ కంపెనీ అక్కడి డమ్‌డమ్‌లో 1928లో కర్మాగారం నెలకొల్పింది. తొలినాటి ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వాటిని లక్కతో, రాతిపొడి వంటి పదార్థాలు కలిపి చేసేవారు. బరువుగా ఉంటాయి, చేయి జారితే కుండపెంకులా పగులుతాయి. 1948లో అమెరికాలో నిమిషానికి 33 పైచిలుకు చుట్లు తిరిగే వినైల్ ప్లేటు వచ్చింది. ఎల్.పి. అని పిలిచేది దానినే. వంగే గుణమున్నా సులభంగా పగలదు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట నిలుస్తుంది.

విదేశాల్లో 1960 దశకం వచ్చేసరికి 78 ప్లేట్ల కాలం దాదాపుగా ముగిసింది. మన దేశంలో మాత్రం కరెంటు లేని ఇళ్ళలో తాళంచెవి తిప్పి నడిపే గ్రామఫోన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అందువల్ల ప్రపంచంలో మరెక్కడా సాధారణంగా కనిపించని ఒక వింత ఇక్కడ జరిగింది. 1960 దశకపు మొదటి భాగంలో బీటిల్స్ పాటలను పార్లోఫోన్ లేబిలుతో 78 చుట్ల లక్క ప్లేట్లుగా భారతదేశంలో ముద్రించారు. వీటి కోసం విదేశాల సేకర్తలు కూడా వెతుకుతారు. మైకుసెట్టు వారి పాతపెట్టెలో ఘంటసాల పాటల మధ్య అటువంటిది ఒకటి ఉండే అవకాశం తక్కువే గాని, లేకపోలేదు.

కనుక ప్లేట్ల కట్టను తూకానికి ఇచ్చేముందు ఒక చిన్న పని చేయాలి. ఇంగ్లీషు చదవగల పిల్లల చేత ప్రతి ప్లేటు మధ్యనున్న కాగితంపై గల కంపెనీ పేరు, సంఖ్య, గాయకుల పేరు ఒక పుస్తకంలో వ్రాయించాలి. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్పెలిన్, రోలింగ్ స్టోన్స్, డీప్ పర్పుల్ వంటి పేర్లు కనిపిస్తే ఒక్క అంగడి మాట నమ్మకుండా రెండు మూడు చోట్ల విచారించాలి. అయితే అత్యాశ కూడదు. పాతదల్లా విలువైనది కాదు. వేల సంఖ్యలో ముద్రితమైన సినిమా పాటల ప్లేట్లు చాలా వరకు సామాన్య ధరకే పోతాయి. గీతలు పడినా, అట్ట చినిగినా, చెదలు పట్టినా ఎంత అరుదైన రికార్డుకైనా విలువ బాగా తగ్గుతుంది.

కొనేవారికీ ఇదే కొలత. ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. గోటికి తగిలే గీత ముల్లుకు తప్పక తగులుతుంది. సన్నని మసక గీతలు అంత ప్రమాదకరం కావు. కంటి మట్టానికి ఎత్తి చూస్తే ప్లేటు వంగినదీ లేనిదీ తెలిసిపోతుంది. వినైల్‌పై మోజు మళ్ళీ పెరగడంతో ధరలూ పెరిగాయి. అమెరికాలో 2020లో వినైల్ రాబడి సీడీల రాబడిని మించింది. 1980 దశకం తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ గాలి చిక్కపేటకూ సోకింది. బేరమాడకుండా కొనడం అక్కడ ఎవరూ ఆశించరు.

ముల్లు విషయంలో పొరపాటు పనికిరాదు

రికార్డులను పాడుచేసేది వయసు కాదు, తగని ముల్లు. 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి అంగుళంలో వెయ్యోవంతుకు మూడు రెట్ల ప్రమాణం గల మొన కావాలి. ఎల్.పి. గాడి సన్నం. దాని ముల్లు మొన వెయ్యోవంతు, లేదా అంతకన్నా తక్కువ. పాత గ్రామఫోను ఉక్కు ముల్లును ఎల్.పి. మీద పెడితే ఒక్క పాటకే గాడి చెక్కుకుపోతుంది. ఆ నష్టాన్ని ఏ మరమ్మతూ పూడ్చలేదు. దీనికి విరుద్ధంగా ఎల్.పి. ముల్లును 78 ప్లేటుపై పెడితే అది గాడి అడుగున దొర్లుతూ గరగర తప్ప పాట సరిగా వినిపించదు. ఉక్కు ముల్లునైతే ప్లేటు ఒక వైపు పూర్తికాగానే మార్చడం నాటి నియమం. వజ్రపు ముల్లు కొన్ని వందల గంటలు పనిచేస్తుంది. దానికీ అరుగుదల ఉంది.

ముల్లుపై పడే బరువు రెండవ విషయం. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ గల మంచి ప్లేయరులో ఆ బరువు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల వరకు ఉంటుంది. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌లకు నాలుగైదు గ్రాములు కావలసి వస్తుంది. పాట ఎగిరిపోతోందని చేయి మీద నాణెం పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉండేది. అది గాడిని దున్నడమే.

మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ పంపే విద్యుత్తు వోల్టులో వెయ్యోవంతుల లెక్కలో ఉంటుంది. పైగా రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. 1954లో స్థిరపడిన ఒక ప్రమాణం ప్రకారం వినేటప్పుడు దీనిని తలకిందులు చేయాలి. ఆ పని చేసేది ఆంప్లిఫయరులోని ఫోనో విభాగం. అది లేని సెట్టుకు నేరుగా కలిపితే పాట పీలగా, కీచుగా వినిపిస్తుంది. చాలామంది అప్పుడు రికార్డునే తప్పుపడతారు. విడిగా దొరికే చిన్న ఫోనో ప్రీ ఆంప్లిఫయరు కొని కలిపితే చాలు.

స్పీకరును పరీక్షించే విధం

స్పీకరు నిర్మాణం చూడటానికి సరళమే. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట, దానికి అతికిన కాగితపు కోను, అంచున మెత్తని పట్టీ. ముందుగా చెడిపోయేది అంచు పట్టీయే. ఫోముతో చేసిన పట్టీ పదిహేను ఇరవై ఏళ్ళకు జిగటపడి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. గుడ్డ పట్టీ చాలాకాలం నిలుస్తుంది. ఫోము పోయినంత మాత్రాన స్పీకరు చచ్చినట్టు కాదు. కొలతకు సరిపడే కొత్త పట్టీ అతికించవచ్చు. గుజిరీ తూకానికి వెళ్ళే స్పీకర్లలో చాలా వాటికి అసలు లోపం ఇదే.

అంగడిలో పరీక్షకు ఒక పెన్సిలు సెల్లు చాలు. దాని రెండు కొసలకు తీగలు కలిపి స్పీకరు టెర్మినళ్ళకు క్షణం పాటు తాకిస్తే కోను చిన్న చప్పుడుతో కదలాలి. తర్వాత రెండు చేతుల వేళ్ళతో కోనును సమంగా, మెల్లగా నొక్కాలి. లోపల గీరినట్టు వినిపిస్తే తీగచుట్ట రాసుకుంటోందని అర్థం. మీటరు ఉంటే ఎనిమిది ఓముల స్పీకరుకు సుమారు ఆరు ఓములు చూపుతుంది. జతలో రెండూ ఒకే మాదిరివి కావాలి. పెట్టె అసలైనదై, లోపల స్పీకరు మారినది కూడా బజారులో ఉంటుంది. వెనుక పలకలోని స్క్రూలు ఊడదీసి చూపమని అడగడంలో మొగమాటం అక్కరలేదు.

వాట్ల అంకెలకు మోసపోవద్దు. 1990 దశకంలో పి.ఎం.పి.ఓ. పేరిట వేల వాట్లు వ్రాసిన పెట్టెల అసలు శక్తి అందులో చిన్న భాగమే. పాతకాలపు నిజమైన పదిహేను వాట్లు ఒక ఇంటి పడసాలకు చాలును. ఫిలిప్స్, కలకత్తాలో 1970లో ప్రారంభమైన సోనోడైన్, పాత కాస్మిక్ సెట్లు దేశీయ సరుకులో తరచు కనిపిస్తాయి.

కరెంటు దగ్గర జాగ్రత్త

ఏళ్ళ తరబడి అటకపై ఉన్న ఆంప్లిఫయరును దించగానే ప్లగ్గులో పెట్టరాదు. ఎలుకలు తీగలు కొరికి ఉండవచ్చు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. తెలిసిన ఎలక్ట్రీషియను మొదట దుమ్ము దులిపి, సీరీస్ బల్బు ద్వారా కరెంటు ఇచ్చి చూస్తాడు. బల్బు క్షణం వెలిగి మందగిస్తే ఫరవాలేదు. నిండు వెలుగుతో నిలిచిపోతే లోపల షార్టు ఉన్నట్టే. వాల్వుల రేడియోలలో రెండు మూడు వందల వోల్టుల విద్యుత్తు స్విచ్చి కట్టిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. ఇంట్లోవారు వాటి మూత తీయరాదు.

గల్ఫ్ సెట్ల విషయంలో మరొక చిక్కు ఉంది. కువైట్ కరెంటు మన వలెనే సెకనుకు 50 సైకిళ్ళు. సౌదీ, అమెరికా కరెంటు 60 సైకిళ్ళు. ఆ దేశాల కోసం చేసిన 110 వోల్టుల సెట్టుకు ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి సరిపోతుంది గాని, కొన్ని ప్లేయర్ల మోటారు ఆ సైకిళ్ళ లెక్కనే తిరుగుతుంది. అది ఇక్కడ ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. అప్పుడు పాట సాగదీసినట్టు, గొంతు బరువెక్కినట్టు వినిపిస్తుంది. మోటారు పుల్లీ మార్చనిదే అది సర్దుకోదు.

వినడంలోని సుఖం

రెండు స్పీకర్లను ఆరేడు అడుగుల ఎడంలో, కూర్చున్నవారి చెవి ఎత్తుకు పెట్టి, వాటి ఎదురుగా అంతే దూరంలో కూర్చోవాలి. గిటారు ఒక వైపు, గొంతు నడుమ, డ్రమ్ములు వెనుక ఉన్నట్టు తోచాలి. మంద్రస్వరం బొత్తిగా లేదంటే ఒక స్పీకరు తీగలు తారుమారైనట్టు. కలిపిన తీరు మారిస్తే సరిపోతుంది. బండపరుపు నేల, సున్నపు గోడలు ఉన్న ఇళ్ళలో ప్రతిధ్వని ఎక్కువ. నేలపై జంపఖానా పరచి, ఎదుటి గోడకు ఒక దుప్పటి వేలాడదీస్తే ధ్వని కుదుటపడుతుంది. గదిలో వడ్ల మూటలుంటే మరీ మంచిది. ప్లేయరును, స్పీకర్లను ఒకే బల్లపై ఉంచితే అదురు ముల్లుకు చేరి హోరు పుడుతుంది.

స్పీకరు శక్తి తెలుసుకోవడానికి పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ రికార్డును చాలామంది వాడతారు. గుండె చప్పుడుతో మొదలయ్యే ఆ రికార్డులో ఒకచోట గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. గుండె చప్పుడు నేలకు తగిలి, గడియారాలు చెవికి గుచ్చుకోకుండా విడివిడిగా వినిపించిన పెట్టె మంచి పెట్టె. ఆ తర్వాత దానిపై ఘంటసాల భగవద్గీత పెట్టినా తృప్తిగానే ఉంటుంది.

నిలువచేసే తీరు

వినైల్ ప్లేట్లను స్వేదనజలంలో ఒక చుక్క సాధారణ సబ్బునీరు కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంట తుడిచి, ఉత్త స్వేదనజలంతో మరొకసారి తుడిచి ఆరబెట్టాలి. మధ్య కాగితం తడవకూడదు. లక్క ప్లేట్లకు స్పిరిట్టు ఎన్నడూ తగలకూడదు, లక్క కరిగిపోతుంది. అన్నింటినీ పుస్తకాల వలె నిలువుగా పెట్టాలి. ఒకదానిపై ఒకటి పేర్చితే అడుగువి వంగుతాయి. రాయలసీమ వేసవిలో రేకుల కప్పు కింది అటక వినైల్‌కు తగిన చోటు కాదు. ఎండలో నిలిచిన బస్సు అద్దం పక్కన ఒక గంట ఉంచినా, కొని తెచ్చిన ప్లేటు ఊరు చేరేసరికి అప్పడంలా వంకరపోతుంది.