మూగవోయిన వాక్‌మన్: ఇంటిలో చేయదగిన చికిత్స

విశాఖపట్నమునందలి పూర్ణా మార్కెట్టు ప్రాంతము సముద్రమునకు ఎంతో దూరములో లేదు. అచటి పాత యిండ్లలో అటకపైని పెట్టె తెరచినచో చేతిలో ఇమిడెడు క్యాసెట్టు యంత్ర మొకటి, దానితో నాలుగైదు క్యాసెట్లు కనబడవచ్చును. వానిలోని సినిమా పాటలు మరల ఎచటనైనను దొరకును. కాని అమ్మమ్మ పాడిన మంగళహారతి, పెండ్లినాడు తాతగారు పలికిన దీవెన ఆ ఒక్క టేపునందే యుండును. చెడిన యంత్రములో దానిని పెట్టినచో టేపు చుట్టుకొనిపోయి నలుగును, ఒక్కొక్కప్పుడు తెగును. కావున ముందు యంత్రమును బాగుచేసి, పిదప టేపును ముట్టవలయును.

క్యాసెట్టును హాలెండు దేశపు ఫిలిప్స్ సంస్థ 1963లో లోకమునకు చూపినది. జపానుకు చెందిన సోనీ సంస్థ 1979లో వాక్‌మన్‌ను విడుదల చేసెను. దాని నిర్మాణము సులభమైనది. సెల్లు మోటారును త్రిప్పును. మోటారు రబ్బరు బెల్టు ద్వారా ఒక చక్రమును త్రిప్పును. ఆ చక్రపు ఇరుసు, రబ్బరు రోలరు కలిసి టేపును సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో లాగును. టేపుపైని అయస్కాంత గుర్తులు హెడ్డు ముందు కదలగా విద్యుత్తు పుట్టును. అది వర్ధకములో పెరిగి చెవికి ధ్వనియై వినిపించును. లోపమును వెదకునపుడును ఈ వరుసనే అనుసరింపవలెను. ఒక్కసారి ఒక్క భాగమునే మార్చి చూచినచో కారణ మేదో తేలును.

మోటారు కదలనే లేదనుకొందము. మొదట సెల్లులు తాకెడి స్ప్రింగులను, రేకులను చూడవలయును. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పీల్చి లోహముపై నిలుపును, తుప్పు త్వరపడును. కారిన ఆల్కలైన్ సెల్లు తెల్లని పొడిని విడుచును. తుప్పు వలన దారిలో 4 ఓములు నిరోధము పెరిగినదనుకొందము. మోటారు 0.15 ఆంపియర్లు తీసికొన్నచో, ఓము నియమము ప్రకారము 0.6 వోల్టులు అచటనే వ్యర్థమగును. రెండు పెన్సిలు సెల్లులిచ్చు 3 వోల్టులలో మిగులునవి 2.4 మాత్రమే. తెల్లని పొడి క్షారము గనుక కొంచెము వెనిగరుతో తడిపిన దూదితో తుడిచి, పిదప నీటి తడి దూదితో తుడిచి, బాగుగా ఆరబెట్టవలెను. ఈ పని చేయునపుడు చేతులకు తొడుగులు వేసికొని, కండ్లను కాపాడుకొనవలయును.

మోటారు తిరుగు శబ్దము వినబడుచు టేపు కదలనిచో దోషము సాధారణముగా బెల్టునందుండును. కాలక్రమమున రబ్బరు సాగును. పాలియురిథేను బెల్టులోని పొడవైన అణువులను గాలిలోని తేమ తునుకలు చేయును. బెల్టు జిగట ముద్దగా మారును. అట్టి ముద్దను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పూర్తిగా తుడిచివేయవలెను. కొత్త బెల్టు కొలతకు చక్రముల చుట్టు దారమును చుట్టి కొలిచి, దానికంటె నూటికి సుమారు 5 పాళ్లు తక్కువ చుట్టుకొలత గలదానిని కొనవలయును. మిక్కిలి బిగువైన బెల్టు మోటారుపై బరువు పెంచును.

టేపు కదలుచున్నను పాట మందకొడిగా సాగినచో వేగము తగ్గినదని గ్రహింపవలెను. వేగము నూటికి 6 పాళ్లు తగ్గినచో 440 హెర్ట్‌జుల స్వరము సుమారు 414కు దిగును. అనగా శ్రుతి హార్మోనియముపై పక్క మెట్టుకు జారును. శ్రుతి ఊగులాడుచున్నచో గట్టిపడిన రోలరును అనుమానించి ముందు దానిని శుభ్రము చేయవలయును. మోటారు మరను త్రిప్పి వేగమును సరిచేయుట చివరి పని.

ధ్వని వచ్చుచున్నను "స", "శ" వంటి అక్షరములు స్పష్టముగా లేవనుకొందము. అది హెడ్డుపైని మట్టి వలన కావచ్చును. సెకనుకు 10,000 కంపనముల ధ్వని టేపుపై 4.76 మైక్రానుల పొడవున ఒక్కొక్క తరంగముగా వ్రాయబడును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. టేపునకు, హెడ్డునకు మధ్య 1.2 మైక్రానుల మట్టిపొర యున్నచాలును, ఆ ధ్వని సంకేతము సుమారు అయిదవ వంతుకు పడిపోవును. 100 కంపనముల ధ్వనికి తరంగము 476 మైక్రానులు గనుక దానికి నష్టము లేనట్లే. అందువలననే తబలా వినబడును, తాళము వినబడదు. ఆల్కహాలుతో తడిపిన దూదితో హెడ్డును మెల్లగా తుడిచి, ఆరిన పిదపనే టేపు పెట్టవలెను. అయస్కాంతత్వము గల స్క్రూడ్రైవరును హెడ్డు దరిజేర్చరాదు.

ఒక చెవికే ధ్వని వచ్చుచున్నచో ముందు వేరొక హెడ్‌ఫోను పెట్టి చూడవలయును. ఇక ఇటీవలి డిజిటల్ యంత్రములలో లిథియం బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, ఛార్జి చేయరాదు, తెలిసినవారికి అప్పగింపవలెను.

బాగైన యంత్రమును మొదట పోయినను విచారము లేని క్యాసెట్టుతో పూర్తిగా ఒక వైపు నడిపి చూడవలయును. తరువాత అమూల్యమైన క్యాసెట్టు వెనుక అంచునందలి చిన్న ప్లాస్టిక్కు రేకులను విరిచినచో దానిపై పొరపాటున వేరొకటి రికార్డు కాదు. టేపుపై బూజు కనబడినచో దానిని నడపరాదు. అంతయు సరిగా నున్నపుడు హెడ్‌ఫోను రంధ్రమునుండి తీగ ద్వారా కంప్యూటరులోనికి ఆ ధ్వనిని ఎక్కించి, రెండు వేరువేరు చోట్ల భద్రపరుపవలయును. బెల్టు మరల సాగిపోయినను అప్పుడు ఆ మంగళహారతి నిలిచియుండును.