హ్యాండిల్ తిన్నగా ఉందా?

బండి పక్కకు పడి లేచాక ముందు చక్రం తిన్నగానే ఉన్నా, హ్యాండిల్ ఓ పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. రాడ్ వంగిందనుకుని వెంటనే కొత్తది కొనేయక్కర్లేదు.

చాలాసార్లు ముందు ఫోర్క్ గొట్టాలు వాటి క్లాంపుల్లో కాస్త మెలి తిరిగి ఉంటాయి. మెకానిక్ ఆ క్లాంపుల బోల్టులు, యాక్సిల్ నట్టు వదులు చేస్తాడు. చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టి, హ్యాండిల్‌ను తిప్పి సరిచేసి మళ్లీ బిగిస్తాడు. గొట్టమే వంగితే మాత్రం మార్చాల్సిందే.

హీరో స్ప్లెండర్ లాంటి బండ్లలో హ్యాండిల్ రాడ్‌ను రెండు క్లాంపులు, నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. రాడ్‌ను విప్పి మళ్లీ బిగించేటప్పుడు, దాని మీద చుక్క గుర్తు ఉంటే ఆ గుర్తును క్లాంపు అంచుకు కలపాలి. చాలా మోడళ్లలో ముందువైపు బోల్టులు పూర్తిగా బిగించాకే వెనకవి బిగిస్తారు. అప్పుడు వెనక కాస్త సందు మిగలడం సహజమే. దాన్ని మూసేద్దామని బలం చూపిస్తే మరలు పాడవుతాయి, క్లాంపు చిట్లుతుంది. మాన్యువల్‌లో చెప్పినంతే, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో హ్యాండిల్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. కేబుళ్లు లాగకూడదు, ఇంజిన్ వేగం పెరగకూడదు. ముందు బ్రేకు పట్టి బండిని తోసినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర టక్‌మంటే కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) వదులై ఉండవచ్చు.

బండి కడిగిన ప్రతిసారీ ఈ రెండు పరీక్షలూ చేయండి. తేడా కనిపిస్తే రోడ్డెక్కకముందే మెకానిక్‌కు చూపించండి.