7-1-7

కొత్త అంటువ్యాధి తలెత్తిన 7 రోజుల్లోపు పసిగట్టాలి, 1 రోజులో ఆరోగ్య అధికారులకు తెలపాలి, మరో 7 రోజుల్లో తొలి కట్టడి చర్యలు పూర్తవ్వాలి. ప్రభుత్వాల వేగానికి ఇదీ కొలమానం. అమెరికా సీడీసీ మాజీ అధిపతి టామ్ ఫ్రీడెన్ బృందం 2021లో ప్రతిపాదించింది. బ్రెజిల్, ఇథియోపియా, లైబీరియా, నైజీరియా, ఉగాండాల్లో 41 వ్యాప్తులను పరిశీలిస్తే మూడు గడువులూ అందుకున్నవి 11 మాత్రమే.

కొలవడంలో చిక్కు మొదటి ఏడుతోనే. వ్యాధి ఎప్పుడు మొదలైందో వెనక్కి తవ్వితేగాని తేలదు. ఉగాండా 2022 సెప్టెంబరు 20న ఎబోలాను ప్రకటించింది; ముబెండే జిల్లాలో అంతకుముందే అనుమానాస్పద మరణాలు సంభవించాయి. గడువు తప్పితే నమూనా ల్యాబుకు ఆలస్యంగా చేరిందా, నిధులు అందలేదా అని వెతుకుతారు. ఈ లెక్కకున్న అసలు విలువ అదే.