లేని గ్రహానికి ఒక నేల

రెండు వారాలు కూర్చుని కంప్యూటర్‌లో తయారుచేసిన గ్రహాన్ని ఒక ఆదివారం మా అమ్మాయికి చూపించాను. నీలి సముద్రాలు, పచ్చటి ఖండాలు, తెల్లటి ధ్రువాలు, పెద్ద ఖండం మధ్యలో మెలికలు తిరిగిన నది. తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి మౌస్‌తో గ్రహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ఈ నది పడమటి సముద్రం దగ్గర మొదలై తూర్పు సముద్రంలో కలుస్తోంది. మరి నీళ్లు ఎటు పారతాయి?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. అక్కడ నది ఉంటే అందంగా ఉంటుందని గీశాను, అంతే.

బ్యాంకులో పనిచేసేవాళ్లకు ఇలాంటి అనుభవం కొత్త కాదు. అప్పు కోసం వచ్చిన కాగితాల్లో ప్రతి నెలా అమ్మకాలు ఒకేలా, గుండ్రటి అంకెల్లో ఉంటే మనకు అనుమానం వస్తుంది. నిజమైన వ్యాపారం లెక్కల్లో ఎత్తుపల్లాలు ఉంటాయి. పండగ నెలలో పెరుగుతాయి, వానల్లో తగ్గుతాయి. ప్రతి ఎంట్రీ వెనుకా ఒక కారణం ఉంటుంది. గ్రహం నేల కూడా అంతే. దాని మీద కనిపించే ప్రతి మచ్చకూ ఒక కారణం ఉంటేనే కన్ను నమ్ముతుంది. ఈ కాలక్షేపంలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

బంతికి తొడిగే చొక్కా

కంప్యూటర్‌లో గ్రహమంటే నున్నటి గోళం. దాని మీద చుట్టే బొమ్మను టెక్స్చర్ అంటారు. గోడకు వేలాడే ప్రపంచ పటం లాంటిదే ఇది. భూమధ్యరేఖ చుట్టూ 360 డిగ్రీలు, ధ్రువం నుంచి ధ్రువానికి 180 డిగ్రీలు కాబట్టి బొమ్మ వెడల్పు ఎత్తుకు రెట్టింపు ఉండాలి. 2048 చుక్కల వెడల్పు, 1024 చుక్కల ఎత్తు ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. బొమ్మ ఎడమ అంచు, కుడి అంచు కలిసేచోట కుట్టు కనిపిస్తుంది. బొమ్మ పై అంచు మొత్తం ఒకే బిందువు, అంటే ధ్రువం, దగ్గరకు కుంచించుకుపోతుంది కాబట్టి అక్కడ చీర కుచ్చిళ్లలా గీతలు పడతాయి. నారింజ తొక్కను చింపకుండా బల్ల మీద పరచలేం కదా, ఇది దాని తిరగేసిన సమస్య.

దీనికి మంచి ఉపాయం ఉంది. బొమ్మ గీసి చుట్టే బదులు, లోపలంతా రంగుల చారలున్న రాతి దిమ్మె ఒకటి ఉందనుకుని, అందులోంచి గోళాన్ని చెక్కినట్టు లెక్కకట్టడం. రాతిలోని చారలు లోపలి నుంచీ వస్తాయి కాబట్టి కుట్టు ఉండదు, కుచ్చిళ్లు ఉండవు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ టెక్స్చర్‌కు ఆబ్జెక్ట్ కోఆర్డినేట్స్ ఇస్తే ఈ పని అదే చేసిపెడుతుంది.

గజిబిజికీ ఒక పద్ధతి

నాయిస్ అంటే ఇక్కడ చప్పుడు కాదు, క్రమం లేని అంకెలు. కానీ పూర్తిగా క్రమం లేకపోతే సిగ్నల్ పోయిన పాత టీవీ తెరలా ఉంటుంది. 1982లో వచ్చిన 'ట్రాన్' సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ బొమ్మలు మరీ యంత్రంలో పోతపోసినట్టు ఉంటున్నాయని, ఒక పద్ధతి కనిపెట్టారు. అందులో విలువలు ఎటు పోతాయో ముందుగా చెప్పలేం, కానీ ఒక చోటి నుంచి పక్క చోటికి నెమ్మదిగానే మారతాయి. 1985లో దాన్ని ప్రచురించారు. 1997లో ఆస్కార్ అకాడమీ ఆయనకు సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

ఒక పొర సరిపోదు. మొదటి పొర ఖండాలంత పెద్ద అలలు. రెండో పొరలో అలల పరిమాణం సగం, బలమూ సగం. మూడోది అందులో సగం. ఇలా ఏడెనిమిది పొరలు కలిపితే ఖండం, దాని మీద పీఠభూమి, దాని మీద కొండ, కొండ మీద గుట్ట వస్తాయి. ఇదంతా నలుపు తెలుపుల బొమ్మే. 0 అంటే నలుపు, లోతు. 255 అంటే తెలుపు, శిఖరం. ఏదో ఒక అంకె దగ్గర గీత గీసి దాని కింద ఉన్నదంతా సముద్రం అనండి. మన భూమి మీద సముద్రం 71 శాతం. గీతను కాస్త కిందికి దించండి, దీవులు కలిసి ఖండాలవుతాయి. పైకి జరపండి, ఖండాలు ముక్కలై దీవులవుతాయి.

ఇక కారణాలు

నేను మొదట్లో ఇక్కడే ఆగిపోయి రంగులు వేసేవాణ్ణి. పల్లం పచ్చ, ఎత్తు గోధుమ, శిఖరం తెలుపు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అన్ని గ్రహాలూ ఒకేలా ఉంటాయి. రంగును నిర్ణయించేది ఎత్తు ఒక్కటే కాదు, వాన కూడా.

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి వచ్చి పడమటి కనుమలను ఎక్కుతాయి. ఎక్కిన గాలి చల్లబడి అక్కడే కురుస్తుంది. కర్ణాటకలో కనుమల మీదున్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కనుమలకు ఇవతల, వాన నీడలో ఉన్న అనంతపురానికి దక్కేది దాదాపు 550 మిల్లీమీటర్లు. మధ్యలో అడ్డం ఒక కొండల వరుస, అంతే తేడా. మీ గ్రహంలోనూ గాలి ఎటు నుంచి వీస్తుందో ముందు నిర్ణయించుకోండి. కొండలకు ఒక వైపు ముదురు పచ్చ వేయండి, రెండో వైపు ఎండు గడ్డి రంగు వేయండి.

ఇంకో మెట్టు పైకి వెళ్తే, భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి లేచిన గాలి 30 డిగ్రీల అక్షాంశాల ప్రాంతంలో పొడిగా కిందికి దిగుతుంది. సహారా, అరేబియా ఎడారి, మన థార్ ఆ పట్టీకి చేరువలోనే ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. మీ గ్రహానికీ ఆ పట్టీలో ఇసుక రంగు ఇవ్వండి.

నదికి నియమాలు మరీ కచ్చితం. పల్లానికే పారాలి. ఉపనదులు వచ్చి కలుస్తాయి. పెద్ద నది పాయలుగా విడిపోవడం ఎక్కువగా సముద్రానికి చేరువలోనే జరుగుతుంది, ధవళేశ్వరం దిగువన గోదావరిలాగా. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టే గోదావరికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే. అయినా వాలు తూర్పుకు ఉంది కాబట్టి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దూరం కాదు, వాలే ముఖ్యం.

కొలత తప్పితే బొమ్మ తప్పు

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. 4096 చుక్కల బొమ్మలో ఒక్కో చుక్క భూమధ్యరేఖ దగ్గర దాదాపు 10 కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర అంత వెడల్పుగా కనిపించే గోదావరి కూడా ఒక్క చుక్కను నింపదు. నేను గీసిన నది, లెక్క చూస్తే, వంద కిలోమీటర్ల వెడల్పు తేలింది! ఇప్పుడు నదిని గీయను. నైలు నది వెంట కనిపించే పచ్చటి సన్నటి గీతలాగా దాని లోయను గీస్తాను.

ఎత్తులూ అంతే. మీటరు వ్యాసమున్న గోళం మీద 8,849 మీటర్ల ఎవరెస్టు ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. కొండలను ఎత్తుగా పెంచామా, గ్రహం కాస్తా సీతాఫలంలా తయారవుతుంది.

గాలీ నీరూ లేని గ్రహం చేయాలంటే కారణాలు మారతాయి. అక్కడ పాత గుంటలను చెరిపేవాళ్లు లేరు. చంద్రుడి మీద ఉల్కలు పడ్డ గుంటలు అలాగే నిలిచిపోయాయి. భూమి మీద అవి అరుదు. మహారాష్ట్రలో 1.8 కిలోమీటర్ల వ్యాసంతో ఉన్న లోనార్ సరస్సు అలా మిగిలినవాటిలో ఒకటి. బొమ్మలో పెద్ద గుంటలు కొన్ని, చిన్నవి ఎన్నో ఉండాలి. కొత్తది పాతదాని మీదికి రావాలి. లావా పరుచుకున్న నల్లటి మైదానాల్లో గుంటలు తక్కువ ఉండాలి, ఎందుకంటే అంతకుముందు పడ్డవి ఆ లావా కింద కప్పబడిపోయాయి.

మీరు మొదలుపెట్టాలంటే

మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటి ఆదివారం గోళం, నాయిస్, సముద్ర మట్టం. రెండో ఆదివారం గాలి దిశ, వాన నీడ, ఎడారులు. మూడో ఆదివారం మెరుగులు. సముద్రం ఎండకు మెరవాలి, నేల మెరవకూడదు. మేఘాలను కాస్త పెద్ద గోళం మీద విడిగా వేయండి. మన భూమిలా తిరిగే గ్రహమైతే ఉత్తరార్ధంలో తుఫానులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరగాలి. బంగాళాఖాతం తుఫాను వచ్చినప్పుడు టీవీలో చూపించే ఉపగ్రహ చిత్రాన్ని ఈసారి గమనించండి. పిల్లల అట్లాసు పక్కన పెట్టుకోవడం మాత్రం మరవకండి.

మా ఇంట్లో ఆ గ్రహాన్ని మళ్లీ మొదటి నుంచి చేశాం. ఈసారి నది పని అమ్మాయిదే. మూడు ఆదివారాలు పట్టింది. చూస్తే నది కొండల్లో పుట్టి, ఎడారిలోకి దిగి, సముద్రం చేరకుండానే మాయమైంది. "ఇదేంటమ్మా, నది సముద్రంలో కలవాలి కదా" అన్నాను, దొరికిపోయావులే అన్నట్టు.

తను అట్లాసు తెచ్చి రాజస్థాన్ పేజీ తీసింది. అజ్మీర్ దగ్గర ఆరావళి కొండల్లో పుట్టిన లూనీ నది థార్ గుండా పారి, రాన్ ఆఫ్ కచ్ చిత్తడి నేలల్లో ఇంకిపోతుంది.

"అన్నీ కలవవు నాన్నా" అంది.