రేడియో కారు ఇంజనులో బేరింగులు: ఎంపిక, సంరక్షణ

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయనిదే చక్రం సాఫీగా తిరగదన్నది మన పల్లెలలో తరతరాలుగా తెలిసిన సత్యం. ఆముదంలో గడ్డిమసి కలిపి చేసిన ఆ కందెన వెనుక ఉన్న సూత్రమే నేటి అతివేగ యంత్రాలకు కూడ మూలసూత్రం. 1794లో ఫిలిప్ వాన్ అనే వేల్సు దేశీయుడు బండి ఇరుసులకై గుండ్ల బేరింగుకు పేటెంటు పొందినాడు. ఒరిపిడికి బదులు దొర్లుడును నియోగించుటయే అందులోని కీలకం. ఆ సూత్రం ఎంతటి కఠిన పరీక్షకు గురికాగలదో తెలుసుకొనుటకు రేడియో సంకేతాలతో నడిచే చిన్న కార్ల ఇంజను చక్కని ఉదాహరణ.

ఈ కార్లలో నేడు విద్యుత్ మోటార్లు విరివిగా వాడుకలో ఉన్నప్పటికిని, ఎనిమిదో వంతు పరిమాణపు పందెపు కార్లలో నైట్రో ఇంజను ఇంకను నిలిచి ఉన్నది. మిథనాలు, నైట్రోమీథేను, నూనెల మిశ్రమం దీని ఇంధనం. ఆ నూనెలో మన ఆముదానికి నేటికిని స్థానమున్నది. కేవలం 3.5 ఘన సెంటీమీటర్ల ఈ ఇంజను నిమిషానికి 30,000 చుట్లకు పైగా తిరుగుతుంది. అనగా సెకనుకు 500 చుట్లు. ఇది రెండు స్ట్రోకుల ఇంజను గనుక ప్రతి చుట్టుకు ఒక దహనం, ప్రతి దహనానికి ఒక దెబ్బ. ఈ దెబ్బలను భరించేవి క్రాంక్ షాఫ్టును మోసే రెండు బేరింగులే.

వెనుక బేరింగు పెద్దది. పిస్టను తోపుడు ప్రధానంగా దీని మీదనే పడుతుంది. ఇంధనంలోని నూనెయే దీనికి కందెన కావున దీని రెండు ప్రక్కలు తెరచి ఉంటాయి. ముందు బేరింగు చిన్నది. ధూళి చొరకుండ, లోపలి పీడనం బయటికి పోకుండ దీని వెలుపలి ప్రక్క మూత ఉంటుంది. లోపలి ప్రక్కను కూడ మూసినచో నూనె అందదు.

ఎంపికలో మొదట చూడవలసినది కొలత. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడును సరిపోవలెను. రెండవది గుండ్ల పదార్థం. ఉక్కు గుండ్లు చౌక. సిలికాన్ నైట్రైడ్ అనే పింగాణీ జాతి గుండ్లు ఉక్కు బరువులో సుమారు 40 శాతమే తూగుతాయి, తుప్పు పట్టవు. ఐతే వాటి చుట్టునున్న కంకణాలు సాధారణంగా ఉక్కువే కావున, పింగాణీ గుండ్లున్నవని సంరక్షణను విస్మరించరాదు. మూడవది గుండ్లను ఎడముగా నిలిపే పంజరం. అది అతివేగంలో విరిగినచో ముక్కలు పిస్టనును, దాని గొట్టాన్ని గీకి ఇంజనునే నాశనం చేస్తాయి. అందువలన వెనుక బేరింగు పంజరం అతివేగానికి తగినదై ఉండవలెను.

నాల్గవది లోపలి వదులు. ఇంజను గూటిలో బిగించినప్పుడు బయటి కంకణం కొంత నొక్కుకొంటుంది. నడిచేటప్పుడు లోపలి కంకణం వేడికి వ్యాకోచిస్తుంది. ఈ రెంటికిని చోటు విడుచుటకే సాధారణం కన్న కొంచెం వదులైన ‘సి3’ తరగతిని తరచుగా ఎన్నుకొంటారు. కొత్త బేరింగులోని ఈ స్వల్పమైన ఆటను లోపమని భ్రమించరాదు. ఇక ‘ఎబెక్’ అంకె కొలతల కచ్చితత్వాన్ని మాత్రమే తెలుపుతుంది. పదార్థాన్ని గాని, పంజరాన్ని గాని, ఆయుర్దాయాన్ని గాని తెలుపదు. పెద్ద అంకె చూచి అధిక ధర చెల్లించుట వివేకం కాదు.

బేరింగుకు ధూళి ఒక శత్రువైతే తుప్పు మరొకటి. మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది; నైట్రోమీథేను దహనం వలన ఆమ్ల లక్షణంగల పదార్థాలు ఏర్పడతాయి. ఆట ముగిసిన వెంటనే ఇంజనులో మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా కాల్చివేసి, కార్బురేటరు గుండా, ప్లగ్గు రంధ్రం గుండా కొన్ని చుక్కల పలుచని నూనె వేసి చేతితో తిప్పవలెను. మిథనాలు విషం, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనబడదు. కనుక ఈ పని గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయవలెను.

ప్లగ్గు తీసి చక్రాన్ని తిప్పినప్పుడు గరగరమన్నను, షాఫ్టు అటూ ఇటూ ఊగినను, ముందు బేరింగు వద్ద ఇంధనం చెమ్మగిల్లినను బేరింగు మార్చవలసిన సమయం వచ్చినదని గ్రహించాలి. ముందు బేరింగు గుండా గాలి చొరబడినచో మిశ్రమం పలుచబడి ఇంజను మితిమీరి వేడెక్కుతుంది.

మార్చుటకు సుత్తి బలం పనికిరాదు. భౌతికశాస్త్రమే దారి చూపుతుంది. భాగాలన్నీ విప్పి, ఇంధనపు జాడ లేకుండ కడిగి ఆరబెట్టి, అల్యూమినియం గూటిని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేయాలి. ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉక్కు కంకణం కన్న దాదాపు 0.03 మిల్లీమీటర్లు అధికంగా వ్యాకోచిస్తుంది. ఆపై చెక్క మీద తట్టినంతనే పాతది జారిపడుతుంది. చల్లబరచిన కొత్త బేరింగును తిన్నగా, బయటి కంకణం మీదనే ఒత్తి కూర్చోబెట్టాలి. లోపలి కంకణం మీద ఒత్తినచో ఆ బలం గుండ్ల గుండా పోయి, అవి దొర్లే దారిలో గుంటలు పడతాయి.

తరగతిలో వ్యాకోచ గుణకం పరీక్షకై వల్లించే ఒక అంకె. ఇక్కడ అదే ఒక ఇంజనును కాపాడుతుంది. ప్రయోగశాలలో గాని, ఇంటి సైకిలులో గాని విద్యార్థులు ఈ దృష్టితో యంత్రాలను పరిశీలించినచో, చదివిన చదువు చేతికి కూడ అబ్బుతుంది.