ఎడ్వర్డు రూపాయి నాటి అంగడి

నేడు తిరువూరు నుండి భద్రాచలం వైపు బస్సులో పోవు విద్యార్థి కొద్ది మైళ్ళలోనే తెలంగాణలో ప్రవేశించును. నాణెము మారదు, తూకము మారదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కాలమున, అనగా 1901 నుండి 1910 వరకు, ఆ కొద్ది మైళ్ళ ఆవల వేరొక రాజ్యము. ఇటువైపు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా. అటువైపు మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలోని నిజాం సీమ. ఎల్లదాటు సరుకుమీద నిజాం వారి కరోడ్‌గిరి శాఖ సుంకము వసూలు చేయుచుండెడిది.

నాణెములును రెండు. 1903 నుండి ఇటు ఎడ్వర్డు బొమ్మగల రూపాయి వెలువడెను. విక్టోరియా రాణి తలపైనున్న కిరీటము ఈయన తలపై లేదు. అటు ఇంచుమించు అదే కాలమున చార్మినారు బొమ్మతో హాలీ సిక్కా ముద్రణ ఆరంభమైనది. హాలీలో వెండి తక్కువ. అందుచేత ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సరి. వినుటకు సులభమే. కాని ఒక్క హాలీ రూపాయితో ఉప్పుకో కిరసనాయిలుకో వచ్చిన కూలివాని సంగతి యోచింపుడు. అతనికి న్యాయముగా రావలసినది పదమూడు అణాల ఎనిమిదిన్నర దమ్మిడీలు. షావుకారు పదమూడణాలే లెక్కగట్టినచో మిగిలిన దమ్మిడీలు అతని గల్లాపెట్టెలో పడును. రూపాయికి నూటతొంబదిరెండు దమ్మిడీలైన ఆ రోజులలో ఎనిమిది దమ్మిడీలు పేదవానికి అల్పము గాదు.

తూకమును ఇట్టిదే. రూపాయి బరువే తులము గనుక నాణెమే తూకపురాయి కూడ. మద్రాసు కచ్చా సేరు 24 తులాలు, ఉత్తరదేశపు పక్కా సేరు 80 తులాలు. "సేరు" అన్న ఒక్క మాటను నమ్మి బేరమాడినవాడు మోసపోకుండుట దుర్లభము. ధాన్యమునకు మాత్రము తూకము లేదు, కొలతయే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. కొలుచువాని బొటనవ్రేలు కుంచములోపల నున్నదా, వెలుపల నున్నదా అన్నది వేరు ప్రశ్న!

ఒక మేలు మాత్రము జరిగినది. ఉప్పు పన్ను మణుగుకు రెండున్నర రూపాయల నుండి 1903లో రెండు, 1905లో ఒకటిన్నర, 1907లో ఒక రూపాయికి దిగెను. అనగా పక్కా సేరు ఉప్పుమీద పన్ను పండ్రెండు దమ్మిడీల నుండి అయిదు దమ్మిడీలలోపునకు తగ్గినది.

ఈ అంగడి భాషను గూర్చి ఒక మాట. మా తరగతిలో ఒక విద్యార్థి "బాకీ" అచ్చతెనుగు పదమని గట్టిగా వాదించెను. బాకీ, జమ, వసూలు అరబ్బీ మాటలు. ఖరీదు, తరాజు, నమూనా, రసీదు పారసీకములు. ఉర్దూ ఒక్క అక్షరమైన రాని కోమటియు వీనితోనే చిట్టా వ్రాసికొనెను. ఆ విద్యార్థిని నేను తప్పుపట్టలేదు; అవి అంతగా మనవైపోయినవి.

బజారు జనులు నాణెమును రాతిమీద మోగించి, ఇటునటు త్రిప్పి చూచిగాని పుచ్చుకొనెడివారు కారు. ఎడ్వర్డు మరణానంతరము, 1911లో, అయిదవ జార్జి రూపాయి వచ్చినపుడు రాజు వస్త్రముమీది ఏనుగు బొమ్మ వారి కంటికి పందివలె కనబడినది. ముసల్మానులు దానిని ముట్టుటకు నిరాకరించిరి. ప్రభుత్వము ఆ నాణెములను నిలిపివేసి, 1912లో ఏనుగు తొండము స్పష్టముగా కనబడునట్లు అచ్చును తిరిగి చెక్కించినది.